ఎవర్ని చూసి నవ్వినాం?

2019 మార్చి 15 పొద్దున పులివెందులలో జగన్ బాబాయి వై.ఎస్. వివేకానందరెడ్డి చనిపోయాడన్నారు. టీవీల కింద పరుగెత్తిన అక్షరాలు ముందు గుండెపోటు అన్నాయి. పొద్దు గుంకేలోగా అది హత్య అయింది. మర్నాడు ఒక్కో పేపరు వేలు ఒక్కో వైపు చూపించింది. ఎవరింటికి వచ్చే పేపరు వాళ్లకు నిజం.

గుండెపోటన్న మాటను కనుక్కోకుండా ఎట్లా వేసినారని మనం ఏ చానల్‌నూ నిలదీయలేదు. నవ్వినాం మాత్రం. గుండెపోటు కాదు గొడ్డలిపోటని మీమ్‌లు చేసుకున్నాం, బాబాయి అన్న మాటనే జోకుగా మార్చుకున్నాం. కేసు 2020లో సీబీఐకి పోయింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. మన ఫోన్లలో ఆ జోకులు అట్లాగే తిరుగుతూ ఉండినాయి. నవ్వాల్సింది ఆ స్క్రోలింగును చూసి. నవ్వింది చంపబడిన మనిషి మీద.

వార్తల మీద నవ్వే అలవాటు మనకు లేకపోలేదని కొందరంటారు. వీ6లో తీన్మార్ వార్తలు, అందులో బిత్తిరి సత్తి ఉండినారు కదా అని. సత్తి గొప్ప నటుడే, తెలంగాణ యాసకు టీవీలో కుర్చీ వేయించినవాడు. కానీ ఆయన వీ6 నుంచి టీవీ9కి, అక్కణ్ణుంచి సాక్షికి మారినాడు. వార్తల చానల్ జీతమిచ్చి పెట్టుకున్న నవ్వు ఆ చానల్ వార్తల మీదికే ఎట్లా తిరుగుతుంది? లీడర్లను దెప్పొచ్చు, అదీ చూసి చూసి. 2014 జూన్‌లో టీవీ9 కొత్త తెలంగాణ ఎమ్మెల్యేలను వెటకారం చేస్తే అక్కడి కేబుల్ వాళ్లు చానల్‌నే ఆపేసినారు.

ఇక జబర్దస్త్. 2013లో మొదలైనప్పటి నుంచి మన రాత్రిభోజనం దాని ముందే. అది వచ్చింది రామోజీరావు చానల్‌లో. 2022 దాకా జడ్జి కుర్చీలో వైసీపీ నాయకురాలు రోజా. ఆయన పేపరు, ఆమె పార్టీ పొద్దున లేస్తే కత్తులు నూరుకునేవి. ఇంతకన్నా పెద్ద కామెడీ స్టేజి మీద ఎవరు రాయగలరు? అది మనకు అక్కర్లేకపోయింది. చీర కట్టిన మగాణ్ణి చూసి పొట్ట పట్టుకుని నవ్వినాం.

రెండు వైపులా వాయించేవాళ్లు మన దగ్గర పుట్టలేదని కాదు. రాచమల్లు రామచంద్రారెడ్డి పుట్టిన పైడిపాలెం పులివెందులకు ఎంతో దూరం లేదు. ఎంత పెద్ద రచయితనైనా, తన వైపు వాణ్ణయినా వదలకుండా చీల్చి చూపిన విమర్శకుడాయన. ఇప్పుడాయన ఉండి రెండు వైపులా వాయిస్తే మనం మొదట అడిగేది ఒక్కటే: యా పార్టీ అప్పా నీది?

చానల్ గొంతు నొక్కినప్పుడు కూడా మనది అదే లెక్క. వైసీపీ పాలనలో టీవీ5, ఏబీఎన్ కేబుల్‌లో రాకుండా పోతే ఒక సగం చప్పట్లు కొట్టింది. 2024 జూన్‌లో సర్కారు మారగానే చాలాచోట్ల సాక్షి, టీవీ9, ఎన్టీవీ మాయమైనాయి. అప్పుడు రెండో సగం కొట్టింది.

జమ్మలమడుగు ఉక్కు ఫ్యాక్టరీ కథకు జోకు కూడా అక్కర్లేదు. 2007లో రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు రాయి వేసినాడు. 2018 డిసెంబరులో చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర వేసినాడు. దాదాపు ఏడాదికి సున్నపురాళ్లపల్లెలో జగన్ వేసినాడు, 2023 ఫిబ్రవరిలో ఉక్కు వ్యాపారి జిందాల్‌ను పక్కన పెట్టుకుని అక్కడే మళ్లీ భూమిపూజ చేసినాడు. ప్రతిసారీ ఒక వైపు చానళ్లకు పండగ, ఇంకో వైపు చానళ్లకు ఏడుపు. రాయి వేసే చెయ్యి మారితే పండగా ఏడుపూ ఇళ్లు మారతాయి, అంతే. దీని మీద నవ్వించడం కష్టమూ కాదు. అమెరికాలో జాన్ స్టూవర్ట్ వార్తల మీద నవ్వే డైలీ షోలో ఏళ్ల తరబడి చేసిన పని ఏమంత బ్రహ్మవిద్య కాదు: చానల్ నిన్న అన్నదాన్నీ ఈరోజు అన్నదాన్నీ పక్కపక్కన పెట్టి, కెమెరా వైపు ఊరికే చూడడం.

రాయి పడ్డ ఆ నాలుగు రోజుల బులెటిన్లు వరసగా అతికిస్తే చాలు. దానికి హైదరాబాదు స్టూడియో అక్కర్లేదు, ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పిల్లోళ్లు ఒక్క పూటలో చేసిస్తారు. వాళ్ల దగ్గరికి మనం పోయినాం కూడా, ఎలక్షన్లప్పుడు, అవతలి పార్టీవాణ్ణి తిట్టే రీలు కావాలని.