నేల తేమ సెన్సర్ల మన్నిక: కెర్నల్ టైమర్‌పైనా దృష్టి అవసరం

నేల తేమ సెన్సర్లను ఎంపిక చేసేటప్పుడు మనం ప్రధానంగా కచ్చితత్వాన్ని, ధరను పరిశీలిస్తాం. పరికరం ఎంతసేపు నిద్రావస్థలో ఉంటుంది, ఏ కారణంతో మేల్కొంటుంది అన్న ప్రశ్నలు అరుదుగా వేస్తాం. పంటకాలం మధ్యలో బ్యాటరీ అయిపోతే ఎంత కచ్చితమైన సెన్సరైనా నిరుపయోగమే. అందువల్ల కంప్యూటర్ నిపుణులకే పరిమితమని భావించే కెర్నల్ టైమర్ గురించి విస్తరణ శాస్త్రవేత్తలు కూడా తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్, కాలాన్ని లెక్కించడానికి చాలాకాలం ‘టిక్’ అనే క్రమబద్ధమైన సంకేతంపై ఆధారపడింది. సాధారణ పీసీలలో లినక్స్ 2.4 కెర్నల్‌కు సెకనుకు 100 టిక్‌లు ఉండగా, 2.6 శ్రేణిలో వాటిని 1000కి పెంచారు. ఫలితంగా పని లేకపోయినా ప్రాసెసర్ పదేపదే మేల్కొనేది; గాఢనిద్రకు అవకాశం తగ్గేది. 2007లో వెలువడిన 2.6.21 కెర్నల్ ఈ పరిస్థితిని మార్చింది. పని లేనప్పుడు టిక్‌ను నిలిపివేసి, తదుపరి పని గడువుకు మాత్రమే టైమర్‌ను అమర్చే విధానం అందులో ప్రవేశించింది. తొందర లేని పనులను, ప్రాసెసర్ మరో కారణంతో మేల్కొనే వరకు వాయిదా వేసే టైమర్లు ఆ తరువాతి 2.6.22లో వచ్చాయి. చిన్న మైక్రోకంట్రోలర్లలో వాడే ఫ్రీఆర్‌టీఓఎస్‌లోనూ టిక్‌ను నిలిపే సదుపాయం ఉంది. కానీ పరికరాన్ని రూపొందించేవారు దానిని ఎంచుకుని అమర్చవలసి ఉంటుంది.

దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. బ్యాటరీ సామర్థ్యం 2400 మిల్లీ ఆంపియర్ గంటలు. ఒక్కొక్క కొలతకు 2 సెకన్లపాటు 20 మిల్లీ ఆంపియర్లు అవసరం అనుకుందాం. గాఢనిద్రలో 0.01 మిల్లీ ఆంపియరు మాత్రమే ఖర్చయ్యే పరికరం నిమిషానికొకసారి కొలిస్తే సుమారు 148 రోజులు పనిచేస్తుంది. అరగంటకొకసారి కొలిస్తే, బ్యాటరీ తనంతట తాను కోల్పోయే శక్తిని మినహాయించినా, పలు పంటకాలాలకు సరిపోతుంది. అయితే టిక్ కారణంగా గాఢనిద్ర లేక విరామ సమయంలో 1 మిల్లీ ఆంపియరు ఖర్చయ్యే పరికరం, అరగంటకొకసారే కొలిచినా, సుమారు 98 రోజులకే ఆగిపోతుంది. పత్తిలో అది కాయలు పెరిగే దశ. తేమ సమాచారం ఎంతో అవసరమయ్యే సమయం.

ఇందులో రెండు బాధ్యతలున్నాయి. పరికరాన్ని నిద్రపుచ్చడం తయారీదారు బాధ్యత. ఎప్పుడు మేల్కొల్పాలో నిర్ణయించడం వ్యవసాయ శాస్త్రజ్ఞుల బాధ్యత. వర్షం గాని నీటి తడి గాని లేని రోజున నేల తేమ నిమిషానికొకసారి కొలవవలసినంత వేగంగా మారదు. నల్లరేగడిలో కంటే తేలికపాటి ఎర్రనేలల్లో తేమ త్వరగా తగ్గుతుంది. కాబట్టి కొలతల వ్యవధిని నేల స్వభావం, వేరు లోతు, పంట దశలను బట్టి నిర్ణయించాలి. వర్షమాపకం నుంచి సంకేతం అందినప్పుడు మాత్రం అదనపు కొలతలు తీసుకునే ఏర్పాటు ఉంటే సరిపోతుంది.

ఇకపై పరికరాల కొనుగోలు నిబంధనలలో నిద్రావస్థలో విద్యుత్ వినియోగం, కొలతల వ్యవధిని మార్చుకునే వీలు తప్పనిసరిగా ఉండాలి. ప్రయోగ ఫలితాలను ప్రచురించేటప్పుడు కొలతల వ్యవధిని, బ్యాటరీ పనిచేసిన రోజులను కూడా పేర్కొనాలి. పంట కోత వరకు పనిచేస్తుందన్న నమ్మకం కుదిరిన తరువాతే ఏ సెన్సర్‌నైనా రైతుకు సిఫారసు చేయడం సముచితం.