ఒకే రోజు అమల్లోకి వచ్చిన రెండు ఒప్పందాలు, ఓటు పడని మన పార్లమెంటు

అనంతపురంలో బెంగళూరు బస్సెక్కి ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతివాళ్లకీ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు చోట్లు గుర్తుంటాయి. ఒకటి ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. రెండోది ఇంకాస్త ముందుకెళ్లాక పాలసముద్రం దగ్గర వచ్చే నాసిన్, అంటే కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ. 500 ఎకరాల్లో కట్టిన దీన్ని 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. ఈ రెంటి మధ్యా, చుట్టూరా ఎర్రనేల. వాన పడితే చెనక్కాయ, పడకపోతే బీడు.

కారు, కస్టమ్స్, చెనక్కాయ. ఈ మూడింటికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నేను 2010 జనవరి 1 అని చెప్తాను. గ్రూప్స్ సిలబస్‌లో పాలిటీ చాప్టరేమో అనుకుని పేజీ తిప్పేయకండి. మీ ఉద్యోగం సంగతే చెప్తున్నా.

ఆ రోజు మన దేశానికి రెండు వాణిజ్య ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. ఒకటి దక్షిణ కొరియాతో సెపా, అంటే సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం. కొరియా నుంచి వచ్చే చాలా సరుకుల మీద, అందులో కారు విడిభాగాల మీద కూడా, సుంకం దశలవారీగా తగ్గడానికి దారి వేసింది అదే. ఏడేళ్ల తర్వాత, 2017లో, కియా పెనుకొండ ప్రాంతాన్ని ఎంచుకుంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కట్టి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్‌ను బయటికి పంపింది. ఒప్పందం ఒక్కటే కియాను తెచ్చిందని నేను అనను. రాష్ట్రం ఇచ్చిన భూమి, గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు, పక్కనే బెంగళూరు, అందుబాటులో ఓడరేవులు, అన్నీ కలిశాయి. కానీ విడిభాగాలు సగం కొరియా నుంచి, సగం ఇక్కడి నుంచి అని లెక్కలేసుకునే కంపెనీకి సుంకం రేటు చిన్న విషయం కాదు.

రెండోది ఆసియాన్ దేశాలతో సరుకుల ఒప్పందం. అదే రోజున మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలైంది. అందులో పామాయిల్ ఉంది. ముడి పామాయిల్ మీద గరిష్ఠ సుంకాన్ని 80 శాతం నుంచి 37.5కు, శుద్ధి చేసిన దాని మీద 90 నుంచి 45కు పదేళ్లలో తగ్గిస్తామని మనం మాటిచ్చాం. కొబ్బరి, రబ్బరు, మిరియాల రైతుల కోసం కేరళలో 2009 అక్టోబరు 2న రోడ్ల పొడవునా మానవహారం కట్టారు. అప్పటికి నేను ఏడో తరగతి. మా ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తినట్టు నాకు గుర్తు లేదు. మేం చెనక్కాయ పండించేవాళ్లం, పామాయిల్‌తో మాకేం పని అనుకున్నాం కాబోలు.

ఇప్పుడు అసలు విషయం. కొరియాతో ఒప్పందం మీద 2009 ఆగస్టులో సియోల్‌లో సంతకాలయ్యాయి. కొరియా రాజ్యాంగం ప్రకారం అలాంటి ఒప్పందానికి వాళ్ల నేషనల్ అసెంబ్లీ సమ్మతి కావాలి. నవంబరులో అక్కడ ఆమోదం తీసుకున్నారు. మన దగ్గర? కేంద్ర మంత్రివర్గం ఆమోదం సరిపోయింది. పెనుకొండ నేల మీద ఫ్యాక్టరీకి దారి వేసిన కాగితం మీద కొరియా ఎంపీలకు ఓటుంది, హిందూపురం ఎంపీకి లేదు.

ఎవరో తప్పు చేశారని కాదు. మన పద్ధతే అది. విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని 14వ అంశం. దాని మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది. 73వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం చేయగల ప్రతి విషయంలోనూ కార్యనిర్వాహక అధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఒప్పందాలు ఎలా చేసుకోవాలో, ఎప్పుడు సభ ముందుకు తేవాలో చెప్పే చట్టాన్ని పార్లమెంటు ఇన్నేళ్లలో చేయలేదు. కాబట్టి సంతకం, ఆమోదం రెండూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. ఇంకో తమాషా ఏమిటంటే, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో కూడా 14వ అంశమే. ఒకే నంబరు, రెండు జాబితాలు. పొలం రాష్ట్రానిది, ఆ పొలంలో పంట రేటును కదిలించే సంతకం కేంద్రానిది.

సభకు అసలు పాత్రే లేదంటే అబద్ధమవుతుంది. దేశ భూభాగం మారితే రాజ్యాంగ సవరణ తప్పదు. బంగ్లాదేశ్‌తో 1974లో చేసుకున్న సరిహద్దు ఒప్పందం పూర్తిగా అమలు కావడానికి 2015లో 100వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాతో అణు ఒప్పందం గొడవలో 2008 జులై 22న ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడి 275–256తో గట్టెక్కింది. అయితే ఆ ఓటు ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నదాని మీద పడింది. ఒప్పందంలోని షరతుల మీద కాదు.

సరే, చెనక్కాయ దగ్గరికి వద్దాం. మా చిన్నాయన ఐదెకరాల్లో వేస్తాడు. ఒప్పందంలో రాసింది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి నిజంగా ఎంత వసూలు చేయాలో ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ఎప్పటికప్పుడు మారుస్తుంది. కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. కాయ పీకే ముందు వచ్చిన కబురు కాబట్టి చిన్నాయన సంతోషించాడు. 2025 మే 30న దాన్నే 10 శాతానికి దించారు. అప్పటికి విత్తనం కొనే కాలం. తొమ్మిది నెలలు కూడా తిరగలేదు.

పెంచడం తప్పా, దించడం తప్పా అని నేను తీర్పు చెప్పను. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. రేటు పెరిగితే మీ హాస్టల్ మెస్ బిల్లు కూడా పెరుగుతుంది. దించడానికీ కారణాలుంటాయి. నన్ను ఆపేసింది వేరే సంగతి. ఆ రెండు తేదీల్లోనూ పార్లమెంటు సమావేశాలు లేవు. అలాంటి నోటిఫికేషన్‌ను తర్వాత సభ ముందు ఉంచాలని అదే చట్టం 159వ సెక్షన్ చెప్తుంది. సభ మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. కానీ సభ బల్ల మీదికి చేరే కాగితాల కట్టలో దాన్ని వెతికి పట్టుకుని అడిగే ఎంపీ ఉండాలి కదా.

పొలం లేదు, మాకెందుకు అంటారా? నా బీటెక్ అయ్యాక ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. గట్టిగా అడిగితే వచ్చిన జవాబు ఒక్క లైను మెయిలు: క్లయింటు దేశంలో పరిస్థితులు బాగాలేవు. క్లయింటు దేశంలో ఏం జరిగితే నా జాయినింగ్ ఆగుతుందో అప్పుడే వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటే ఇప్పుడు నా బ్లాగుకు సగం సరుకు.

2025 జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాంతోపాటు కుదిరిన ఇంకో ఏర్పాటు వల్ల, కంపెనీ తరఫున కొద్దికాలం అక్కడికి వెళ్లే మన ఉద్యోగులు అక్కడి సామాజిక భద్రత చందా కట్టనక్కర్లేదు. ఆన్‌సైట్ కల ఉన్నవాళ్లకు ఇది నేరుగా జీతం లెక్క. ఇలాంటి ఒప్పందాన్ని అమలుకు ముందు 21 సభా దినాలు పార్లమెంటు ముందు ఉంచాలని బ్రిటన్‌లో 2010 చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో ఒప్పందాలను పరిశీలించడానికే ఉభయసభల సంఘం ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో మనతో సంతకమైన ఒప్పందానికి అక్కడి పార్లమెంటు నవంబరులో బిల్లులు పాస్ చేశాకే డిసెంబరు 29న అమలు మొదలైంది. మన ఐటీ కంపెనీల మీద పడే ఒక పన్ను చిక్కు కూడా ఆ బిల్లులతోనే తీరింది. మన కంపెనీల మేలు కోసం వాళ్ల ఎంపీలు చెయ్యెత్తారు!

ప్రపంచమంతా ఇలా పద్ధతిగా ఉందనుకోకండి. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది ఒక్క సంతకంతోనే. ఆ వారమంతా మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో మీకు తెలుసు.

బేరం నలుగురిలో పెట్టి ఆడితే చెడుతుందని అధికారులు అంటారు. నిజమే. ధర్మవరం చీర కొనడానికి వెళ్లినవాడు కూడా తన జేబులో ఎంతుందో ముందే చెప్పడు. నేను అడిగేది బేరం మధ్యలో తలదూర్చమని కాదు. సంతకం అయ్యాక, అమలుకు ముందు, సభకు కొన్ని వారాలు ఇవ్వమని. కొత్త ఆలోచన కూడా కాదిది. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ పనితీరు సమీక్షా సంఘం 2002లోనే ఒప్పందాల మీద చట్టం, పార్లమెంటరీ సంఘం కావాలని సిఫారసు చేసింది. ఆ సంఘంలో మన తెలుగువాళ్లు జస్టిస్ జీవన్‌రెడ్డి, జస్టిస్ పున్నయ్య సభ్యులు. ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని తలకెత్తుకోలేదు. అధికారంలో ఉన్నవాళ్లకు ఖాళీ చెక్కు ఎప్పుడూ తీపే.

చట్టం వచ్చేదాకా ఉన్న పనిముట్లతోనే లాగాలి. విదేశాంగ స్థాయీ సంఘం, వాణిజ్య స్థాయీ సంఘం అని రెండున్నాయి. ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. విదేశాంగ సంఘానికి 2024 నుంచి శశి థరూర్ అధ్యక్షుడు. వాణిజ్య సంఘానికి కొన్నేళ్ల కిందట మన వి.విజయసాయిరెడ్డి అధ్యక్షులుగా చేశారు. తలుపులు మూసుకుని కూర్చుంటారు కాబట్టి అక్కడ పార్టీ గోల తక్కువ, పని ఎక్కువ. వాళ్ల సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడి తీరాలని లేదు, అది లోటే. కానీ ఏం చర్యలు తీసుకున్నారో చెప్పక తప్పదు. ఆ నివేదికలు సన్సద్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మెయిన్స్ రాసేవాళ్లు కోచింగ్ నోట్సు పక్కన పెట్టి వీటిలో ఒక్కటైనా చదవండి.

ఇందులోనే ఉద్యోగాలూ ఉన్నాయి. సివిల్స్ అంటే ఐఏఎస్, ఐపీఎస్‌లే కాదు. విదేశీ వాణిజ్య వ్యవహారాలు చూసే ఇండియన్ ట్రేడ్ సర్వీసు ఉంది, పాలసముద్రంలో శిక్షణ పొందే కస్టమ్స్ సర్వీసు ఉంది. ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పరిశోధన పని చేయించే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. ఏ డిగ్రీ అయినా పర్లేదు, వయసు 25 దాటకూడదు. నాకు దాని గురించి తెలిసేసరికి 26. మీకు ఇవాళే తెలిసింది.

ఇక ప్రశ్నలు. అనంతపురం ఎంపీ అంబికా లక్ష్మీనారాయణ గారు, హిందూపురం ఎంపీ బి.కె.పార్థసారథి గారు. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకు 5 నోటీసుల దాకా ఇవ్వవచ్చు, 15 రోజుల ముందే ఇవ్వాలి. రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. 230 వాటికి రాతపూర్వకంగా వస్తుంది. ఏ ప్రశ్న లోపలికి వెళ్తుందో లాటరీ తేలుస్తుంది. శాఖ సరిగ్గా రాయడం ముఖ్యం: సుంకం ఆర్థిక శాఖది, ఒప్పందం వాణిజ్య శాఖది, వీసా సంగతి విదేశాంగ శాఖది. ఎంపీ ఆఫీసుకు కాగితం పట్టుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది బదిలీ సిఫారసు కోసమో, రైల్వే కోటా కోసమో వస్తారు. సభలో అడగడానికి పనికొచ్చే ప్రశ్నతో వచ్చిన కుర్రాళ్లను ఊరికే పంపరనే నా నమ్మకం. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇద్దరి ఆఫీసుల్లోనూ ఇవ్వడానికి నేనొకటి రాసుకున్నా. నచ్చితే మీ పేరుతో మీరూ ఇవ్వండి:

ఆర్థిక మంత్రి దయచేసి తెలుపగలరా: (అ) 2024 సెప్టెంబరు 14, 2025 మే 30 తేదీల్లో వంటనూనెల దిగుమతి సుంకాన్ని మార్చే ముందు వేరుశనగ పండించే రాష్ట్రాలను సంప్రదించారా, (ఆ) సంప్రదిస్తే, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతుల ధరలపై పడే ప్రభావాన్ని అంచనా వేశారా, దాని వివరాలేమిటి, (ఇ) లేకపోతే, కారణాలేమిటి?