ముంపు ఊళ్లకు ధరేనా, వాటా లేదా?

వెలిగొండ మాటెత్తితే రాచర్ల టీకొట్ల కాడ ఒకటే ప్రశ్న: నీళ్లెప్పుడు? 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు గదా, అడగాల్సిందే. నేనడిగేది ఇంకోటి. వచ్చే లాభంలో ఎవురికెంత?

ఒకరిది బోరు, ఇంకొకరిది మోటారు అనుకోండి. విడిగా ఉంటే ఇద్దరికీ చుక్క లేదు. కలిస్తే లక్ష మిగిలింది. ఎవురు తప్పుకున్నా సున్నానే గాబట్టి చెరి యాభై వేలు. 1953లో షాప్లే అనే అమెరికా లెక్కలాయన చెప్పిన పద్ధతి ఇదే: మనిషి చేరితే ఎంత పెరిగిందో చూసి వాటా కట్టు. "బోరు తవ్విన ఖర్చిస్తా, పో" అంటే ఆ లెక్కలో చెల్లదు.

ఇప్పుడు వెలిగొండకి రండి. శ్రీశైలం వరద నీళ్లు 43.5 టీఎంసీలు, 4.47 లక్షల ఎకరాల ఆయకట్టు. నడుమ నీళ్లు నిలవాల్సింది సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి ఊళ్ల మీద. ఆ ఊళ్లు లేవందే నల్లమలసాగర్ లేదు. అంటే బోరు వాళ్లదే! ఇచ్చేదేమో పరిహారం, పోయినదానికి ధర.

విడిపోయి ఎవురూ బాగుపడలేని పంపకమే నిలబడుద్దంటారు. ఇక్కడ విడిపోయే దారే లేదు, సర్కారు చేతిలో భూసేకరణ ఉంది. వాళ్లు లేచిపోతే ఒప్పుకున్నట్టు కాదు.

2013 చట్టంలో ఒక ముక్క ఉంది. నీటి ప్రాజెక్టుకి పొలం పోయిన కుటుంబానికి, పరిహారానికి బదులు, "వీలైనంత వరకు" ఆయకట్టులో కనీసం ఎకరం ఇయ్యాల. ఇది ధర కాదు తమ్ముళ్లూ, వాటా. ఆ "వీలైనంత" ఎన్ని ఎకరాలో చెప్పమని, నీళ్ల కోసం చూసే మనమే ముందు అడగాల.