జెర్రీ జోన్స్ గారికి: పరిగెత్తేవాడు ఎక్కణ్ణుంచి రావాలి?

డాలస్ కౌబాయ్స్ యజమాని, ప్రెసిడెంట్, జనరల్ మేనేజర్ జెర్రీ జోన్స్ గారికి,

రాస్తున్నది ఫ్రిస్కో నుంచి ఒక అభిమాని. మూడు కుర్చీల్లోనూ మీరే కూర్చున్నారు కాబట్టి మూడు ఉత్తరాలు రాసే శ్రమ తప్పింది. తెలుగులో రాస్తే మీకెలా అందుతుందని అడగకండి. ఇంగ్లీషులో రాసినవాళ్ళకు మాత్రం 1996 జనవరి సూపర్ బౌల్ తర్వాత మీ నుంచి ఏం అందింది గనక?

2025 ఏప్రిల్ 24న గ్రీన్ బేలో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టులో, అంటే కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఆరో పేరుగా లాస్ వేగస్ రైడర్స్ ఆష్టన్ జెంటీని పిలిచారు. ఆ కుర్రాడు మా ఫ్రిస్కోలో, లోన్ స్టార్ హైస్కూల్లో చదువుకుంటూ ఆడినవాడు. మీ ఆఫీసులూ ప్రాక్టీసు మైదానాలూ ఉన్న 'ది స్టార్' కూడా ఇదే ఊళ్ళో ఉంది. బడి పిల్లల మ్యాచ్‌లు జరిగే ఫోర్డ్ సెంటరూ మీ ప్రాంగణంలోనిదే. జెంటీ బోయిసీ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళి నిరుడు 2,601 యార్డులు పరిగెత్తాడు. 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన కాలేజీ రికార్డు 2,628. ఇంకో 27 యార్డులుంటే దాన్ని అందుకునేవాడు. శాండర్స్ కన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడాడన్నది నిజమే, కాదనను. కానీ ప్రతి జట్టూ అతనొక్కణ్ణి ఆపడానికే మనుషుల్ని ముందుకు తోసినా ఆగలేదన్నదీ నిజమే.

మీ వంతు 12వది. అక్కణ్ణుంచి ఆరుకు ఎగబాకాలంటే చాలా వదులుకోవాలి. ఎగబాకలేదని మిమ్మల్ని తిట్టడం న్యాయం కాదు. అయినా ఒకటి గుర్తుచేయకుండా ఉండలేను. 1990లో, మీరు జట్టు కొని ఏడాదైనప్పుడు, పిట్స్‌బర్గ్‌తో బేరమాడి 21 నుంచి 17కి వెళ్ళి ఎమిట్ స్మిత్‌ని తెచ్చుకున్నారు. ఆయన 18,355 యార్డులు పరిగెత్తి ఆటకు స్వస్తి చెప్పారు. ఆ లెక్కను ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు. 1993లో ఆయన జీతం దగ్గర పేచీ పెట్టి ఇంట్లో కూర్చుంటే మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు, డబ్బిచ్చి పిలిపించుకున్నారు, ఆ ఏడే సూపర్ బౌల్ గెలిచారు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ విలువ ఏమిటో ఈ లీగులో మీకన్నా ముందు, మీకన్నా ఖరీదైన పాఠంగా నేర్చుకున్నవారెవరు?

సరే, జెంటీ అందలేదు. 12 దగ్గర ఇంకో రన్నింగ్ బ్యాక్ ఒమేరియన్ హ్యాంప్టన్ ఇంకా ఉన్నాడు. మీరు అలబామా నుంచి గార్డ్ టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. హ్యాంప్టన్ 22 దాకా ఆగి ఛార్జర్స్‌కు వెళ్ళాడు. బుకర్ మంచి ఆటగాడే. జాక్ మార్టిన్ రిటైరయ్యాక కుడివైపు ఆ ఖాళీ కనిపిస్తూనే ఉంది. 2022లో టైలర్ స్మిత్, నిరుడు టైలర్ గైటన్, ఇప్పుడు టైలర్ బుకర్. మొదటి రౌండులో టైలర్ అన్న పేరుంటే చాలని ఎవరైనా జ్యోతిష్యుడు చెప్పాడేమో అనుకున్నాం మా ఇంట్లో. హాస్యం పక్కన పెడితే, నాలుగేళ్ళలో పరిగెత్తేవాడికి దారి చేసే లైను కోసం మూడు మొదటి రౌండు పిక్‌లు పెట్టారు. ఆ లైను వెనక పరిగెత్తడానికి ఎవర్ని పెట్టారు? డెన్వర్ వదిలేసిన జవాంటే విలియమ్స్‌ని ఏడాది ఒప్పందం మీద. కరోలినా వదిలేసిన మైల్స్ శాండర్స్‌నీ అదే పద్ధతిలో. ఐదో రౌండులో జేడన్ బ్లూ, ఏడో రౌండులో ఫిల్ మాఫా. నాలుగో రౌండు పిక్ అసలు మీ చేతిలోనే లేదు. నవంబర్‌లో జోనథన్ మింగో కోసం కరోలినాకి ఇచ్చేశారు. మింగో ఎవరని మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తోచలేదు.

మీ పక్షాన మాట్లాడేవాళ్ళ లెక్క నాకు తెలియక కాదు. ఐపీఎల్ వేలంలా ఇక్కడ కొత్త కుర్రాడికి ధర పాడరు. ఆటగాళ్ళ సంఘంతో లీగు చేసుకున్న 2011 ఒప్పందం తర్వాత అతను ఎన్నో స్థానంలో వచ్చాడో దాన్నిబట్టే జీతం, ఏ పొజిషన్ అన్నదానితో పని లేదు. ఆరో స్థానం అంటే నాలుగేళ్ళకు దాదాపు 3.6 కోట్ల డాలర్లు, ఏడాదికి సుమారు 90 లక్షలు. బజారులో పేరున్న రిసీవర్ ధర ఎంత? మార్చిలో జమార్ చేజ్ ఏడాదికి 4 కోట్లు దాటించాడు. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళే మైల్స్ గారెట్‌కు 4 కోట్లు. రన్నింగ్ బ్యాకుల్లో అందరికన్నా పైనున్న సేక్వాన్ బార్క్లీకి 2.06 కోట్లు. అదే స్థానంలో గొప్ప రిసీవర్ దొరికితే జట్టుకు ఏడాదికి మూడు కోట్లు మిగులు. గొప్ప రన్నింగ్ బ్యాక్ దొరికితే కోటి పైచిలుకు. పైగా దెబ్బలు తినీ తినీ ఆ కాళ్ళు ముప్ఫై రాకముందే ముసలివవుతాయి. కింది రౌండ్లలోనూ మంచివాళ్ళు దొరుకుతారు. టోనీ పొలార్డ్ మీకు నాలుగో రౌండులో దొరికాడు. డ్రాఫ్టులో ఎవరూ పిలవని రికో డౌడల్ నిరుడు మీకోసం 1,079 యార్డులు పరిగెత్తాడు (అతన్నీ మార్చిలో కరోలినాకి పోనిచ్చారు). ట్రెంట్ రిచర్డ్‌సన్‌ని 2012లో మూడో స్థానంలో తీసుకున్న క్లీవ్‌లాండ్ మరుసటి ఏడే వదిలించుకుంది. 2022లోనూ 2024లోనూ మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్ పేరూ వినిపించలేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ ఈ మిగుళ్ళ లెక్కే మీ సిద్ధాంతమైతే, 12వ స్థానంలో గార్డ్‌ని ఎలా తీసుకున్నారు? గార్డ్‌కు అంత పై స్థానం దండగ అని చెప్పేదీ ఆ లెక్కల వాళ్ళే కదా? ఒకే పుస్తకంలో ఒక పేజీ నమ్మి ఇంకో పేజీ చింపేస్తారా?

అసలు సంగతి ఎలియట్. మనిద్దరికీ తెలుసు.

2016లో నాలుగో స్థానంలో ఎజకీల్ ఎలియట్‌ని తీసుకున్నప్పుడు జనం నవ్వారు. మొదటి ఏడే 1,631 యార్డులతో లీగు మొత్తానికీ పైన నిలిచాడు. మీరు 13 మ్యాచ్‌లు గెలిచారు. ఎందుకని? ముందు టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ ఉన్నారు, ముగ్గురూ మీ మొదటి రౌండు మనుషులే. (2014లో మార్టిన్ బదులు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్ కావాలని మీరు పట్టుబడితే మీవాళ్ళే ఆపారట. వాళ్ళకు మా ఊరంతా రుణపడి ఉంది.) నాలుగో రౌండులో దొరికిన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఆ రౌండు జీతానికే ఆడాడు. ఇల్లు సిద్ధంగా ఉన్నప్పుడు మనిషిని తెచ్చారు. 2018లో మళ్ళీ 1,434 యార్డులతో అతనే మొదటివాడు. ఆ పిక్ తప్పని నాతో ఎవరైనా అంటే ఒప్పుకోను. డిఫెన్స్ ఆడే జాలెన్ రామ్జీని నాలుగులో, డెరిక్ హెన్రీని రెండో రౌండులో తీసుకుని ఉండొచ్చు కదా అంటారు. హెన్రీ 45 దాకా ఉన్నాడు, మీకు 34లో వంతు ఉంది, నిజమే. ఆ మాట కొంచెం నొప్పిగానే ఉంటుంది. కానీ అందులోనూ హెన్రీ రన్నింగ్ బ్యాకే, ఆ స్థానమూ పై స్థానమే కదా!

తప్పు 2016 ఏప్రిల్‌లో జరగలేదు, 2019 సెప్టెంబర్‌లో జరిగింది. ఎలియట్ ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. అయినా కొత్తది కావాలని, ప్రాక్టీసుకు రాకుండా అతను మెక్సికోలో, కాబోలో కూర్చున్నాడు. "జీక్ ఎవరు?" అని అతని ముద్దుపేరు పట్టుకుని మీరు నవ్వులాటకన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళకు 9 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ అని సంతకం పెట్టారు. చౌకగా వచ్చే ఏళ్ళలో కాళ్ళను వాడేసి, అరిగిపోయే ఏళ్ళకు డబ్బు పోశారు. 2022లో 876 యార్డులు. 2023 మార్చిలో వదిలేశారు. డబ్బు దగ్గర మీరు చేసిన పనికి ఇప్పుడు ఆ పొజిషన్ మొత్తాన్నీ దండిస్తున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

నిరుడు హెన్రీ ఖాళీగా ఉన్నాడు. డాలస్‌లో ఉండే మనిషి. బాల్టిమోర్ రెండేళ్ళకు 1.6 కోట్లకు తీసుకెళ్ళింది. మాకు స్తోమత లేదన్నారు మీరు! అదే వేసవిలో రిసీవర్ సీడీ లాంబ్‌కు నాలుగేళ్ళకు 13.6 కోట్లు, డాక్‌కు 24 కోట్లు. మీ జట్టు విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటిందని ఫోర్బ్స్ రాసింది. జీతాల పరిమితి గురించి నాకు పాఠం చెప్పకండి. ఏడాదికి 80 లక్షలకు చోటు చేయలేకపోతే జనరల్ మేనేజర్ కుర్చీ దేనికి? సెప్టెంబర్ 22న హెన్రీ ఆర్లింగ్టన్‌కు, మీ స్టేడియానికి వచ్చి, మీ మీదే 151 యార్డులు, రెండు టచ్‌డౌన్లు చేసి వెళ్ళాడు. ఏడాది ముగిసేసరికి 1,921. అతని బదులు మీరు వెనక్కి తెచ్చుకున్న ఎలియట్ 226 యార్డులు చేశాడు. ఆఖరి మ్యాచ్ కూడా ఆడకముందే పంపేశారు.

ఇక బార్క్లీ గురించి మీకు నేను చెప్పాలా? 2018లో రెండో స్థానంలో న్యూయార్క్ జెయింట్స్ తీసుకున్నారు. ఆరేళ్ళలో వాళ్ళు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది ఒక్కసారి. ఆ ఆరేళ్ళూ చూపించి, చూశారా పై పిక్ వృథా అన్నారు లెక్కల వాళ్ళు. అదే మనిషి నిరుడు ఫిలడెల్ఫియా లైను వెనక్కి వెళ్ళాడు. 2,005 యార్డులు, ఫిబ్రవరిలో సూపర్ బౌల్. మారింది ముందున్న ఐదుగురు. డెట్రాయిట్ 2023లో 12వ స్థానంలో జమీర్ గిబ్స్‌ని తీసుకుంటే ఎగతాళి చేశారు. లైను ఉన్న జట్టు అది. నిరుడు 15 మ్యాచ్‌లు గెలిచింది, గిబ్స్ 20 టచ్‌డౌన్లు చేశాడు. అట్లాంటా అదే ఏడు ఎనిమిదిలో బిజన్ రాబిన్సన్‌ని తీసుకుంది. అతను అద్భుతంగా ఆడుతున్నాడు, క్వార్టర్‌బ్యాక్ చిక్కు తేలక జట్టు ఇంకా ప్లేఆఫ్స్ చూడలేదు. రేపు లాస్ వేగస్‌లో జెంటీ తడబడితే దానికీ ఆ కుర్రాణ్ణే అంటారు, ముందున్న లైనును ఎవరూ చూడరు.

అందుకే అడుగుతున్నాను. డ్రాఫ్టులో పై స్థానంలో రన్నింగ్ బ్యాక్ వద్దంటారు. బయట అమ్మకానికొస్తే స్తోమత లేదంటారు. ఇంట్లో పెరిగినవాడు వెయ్యి యార్డులు చేస్తే పోనిస్తారు. మరి పరిగెత్తేవాడు ఎక్కణ్ణుంచి రావాలి? ఏడాదికి 6 కోట్లు తీసుకునే డాక్ ఎన్నిసార్లు బంతి విసరాలి? తొడ కండరం ఎముక నుంచి కొంత ఊడొచ్చి నిరుడు సగం ఏడాది కూర్చున్నాడు ఆయన. ఈ ముగ్గురు టైలర్లు ఎవరికోసం దారి చేయాలి? కొత్త కోచ్ బ్రయన్ షాటెన్‌హైమర్ రన్ గేమ్ గురించి మాట్లాడుతుంటే మీరు పక్కన తలూపుతున్నారు. తలూపడానికి ఖర్చు లేదు కదా?

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మా తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ టికెట్లు అమ్మేవాళ్ళకు బాగా తెలుసు. క్రికెట్‌తో పెరిగి వచ్చినవాళ్ళం. ఈ ఆట మాకు మా పిల్లలు నేర్పారు. ఆ పిల్లలే ఇప్పుడు మా బడి నుంచి వెళ్ళిన కుర్రాడి పేరుతో వెండి, నలుపు రంగు రైడర్స్ జెర్సీ అడుగుతున్నారు. కొనిపెట్టమంటారా, వద్దంటారా?

మీ అబ్బాయి స్టీఫెన్ గారితోనో, ఆటగాళ్ళ ఎంపిక చూసే విల్ మెక్లే గారితోనో కూర్చుని ఈ విషయంలో మీ పద్ధతి ఏమిటో ఒక్కసారి తేల్చుకోండి. రన్నింగ్ బ్యాక్‌ని పైనే తీసుకుని, నాలుగైదేళ్ళు ఆడించుకుని, రెండో ఒప్పందం దగ్గర మర్యాదగా చేతులు కలిపి పంపించేది ఒక పద్ధతి. నా ఓటు దానికే, అదీ లైను ఉన్నప్పుడు మాత్రమే. ఎప్పుడూ కింది రౌండ్లలోనే వెతుక్కునేది ఇంకో పద్ధతి. ఏదైనా సరే, తేల్చుకున్నాక మాకూ చెప్పండి. మీ మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 4న ఫిలడెల్ఫియాలో, బార్క్లీ ఉన్న జట్టుతో.

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి ఒక కౌబాయ్స్ అభిమాని
2025 మే