అరచేతిలో వెబ్‌సైటు

కిందటి ఉగాదికి మా అమ్మ ఇక్కడ మా ఇంట్లోనే ఉంది. వేడుకకి పేర్లు నమోదు చేద్దామని మా ఊరి తెలుగు సంఘం వెబ్‌సైటు తన ఫోన్‌లో తెరిచింది. రెండు వేళ్ళతో సాగదీసింది, పక్కకి జరిపింది. ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుంది. చివరికి ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు చేతకావడం లేదురా, నువ్వే చూడు" అంది. ముప్ఫయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి!

అసలు సంగతేమిటంటే, ఆ వెబ్‌సైటు కట్టింది నేనే. 2006లో, ఎమ్మెస్ అయిన కొత్తలో. అప్పుడు అందరివీ పెద్ద మానిటర్లే కదా అని పేజీని 800 పిక్సెళ్ళ వెడల్పున బిగించేశాను. మరుసటి ఏడే ఐఫోన్ వచ్చింది. ఇలాంటి పాత పేజీ ఎదురైతే ఫోన్ తన తెర 980 పిక్సెళ్ళ వెడల్పు ఉందనుకుని పేజీ అంతా పరిచి, తర్వాత తెరకి సరిపడా కుదిస్తుంది. అందుకే అక్షరాలు చీమలైపోతాయి.

దీనికి మందు ఎప్పుడో ఉంది. తెర వెడల్పుని బట్టి ఒకే పేజీ తనంతట తాను సర్దుకునే పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టాడు. బద్ధకించింది నేనే.

ఒక శని, ఆదివారాలు కూర్చున్నాను. ఫోన్ అసలు వెడల్పునే వాడమని చెప్పే వ్యూపోర్ట్ ట్యాగు, ఒక్క లైను, ముందు చేర్చాను. వెడల్పులు శాతాల్లో ఇచ్చాను. పక్కపక్కనున్న మూడు వరుసలూ చిన్న తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చేలా మీడియా క్వెరీ రాశాను. బటన్లు వేలికి అందేలా 44 పిక్సెళ్ళు చేశాను. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక లైన్ల మధ్య ఎడం పెంచాను.

అన్నిటికన్నా కష్టమైంది, ఏది ముందు రావాలో తేల్చడం. పెద్ద తెర మీద అన్నీ పడతాయి. ఫోన్‌లో అలా కుదరదు. తేదీ, చోటు, నమోదు బటను పైకొచ్చాయి. అధ్యక్షులవారి ఫొటో కిందికి వెళ్ళింది. వారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు!

దసరా పాటల పోటీకి మా అమ్మాయి పేరుని తెనాలి నుంచి అమ్మే నమోదు చేసింది. నన్నొక్క మాట అడగలేదు.

మీ సంఘం వెబ్‌సైటుని కూడా ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లో తెరిపించి చూడండి. "నాకు చేతకావడం లేదు" అని వాళ్ళంటే, తప్పు వాళ్ళది కాదు. నాలాంటి వాడెవడో బద్ధకించాడని అర్థం.