తాళంచెవి జేబులో ఉంది, సైకిలు లేదు

కాకినాడలో సైకిలు తొక్కే ప్రతి ఒక్కరికీ, సైకిలు మీద పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులకీ, రోడ్డు వార కొట్ల యజమానులకీ విన్నపం.

పోయిన సోమవారం పొద్దున్న ఆరున్నరకి భానుగుడి దగ్గర ఒక అపార్టుమెంటు ముందు మా పేపరు కుర్రాడి సైకిలు పోయింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తెల్లారగట్ల పేపర్లు వేసి, అదే సైకిలు మీద కాలేజీకి పోతాడు. నెల మొదటి వారం కదా, బిల్లు వసూలుకి రెండో అంతస్తు ఎక్కాడు. ఆ ఇంటావిడ చిల్లర కోసం లోపలికెళ్లి వచ్చింది, అంతే. దిగి చూస్తే సైకిలు లేదు, క్యారియరు మీద మిగిలిన పేపర్లూ లేవు. ఆ పేపర్ల డబ్బు కూడా వాడే కట్టుకోవాలి.

తాళం లేక పోయింది కాదు. వాళ్ల నాన్న కొనిచ్చిన లావుపాటి గొలుసు తాళం, తక్కువలో తక్కువ కిలోన్నర ఉంటుంది, హ్యాండిలుకి చుట్టే ఉంది. ఇంటింటి ముందూ అంత బరువు విప్పడం, చుట్టడం, మళ్లీ తీయడం ఎవరివల్ల అవుతుంది? తాళమూ సైకిలుతో పాటే పోయింది. నేను వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు.

నేను ఈ ఊళ్లో 31 ఏళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి. రోజుకి నూటికి పైగా గుమ్మాల ముందు సైకిలు ఆపేవాణ్ణి. సంచిలో మనియార్డర్ల డబ్బు, రిజిస్టరు ఉత్తరాలు. కాలు కిందపెట్టేలోపే కుడి చెయ్యి దానంతట అదే వెనక చక్రం తాళం మీదికి పోయేది. మీట నొక్కితే టక్కున పడేది, చెవి చేతిలోకి వచ్చేది. ఆ తాళం గొప్పది కాదు. కానీ సైకిలు ఎక్కడుంటే అక్కడే ఉండేది, బరువు తెలిసేది కాదు, వేయడానికి ఊపిరి పీల్చినంత సేపు చాలు. అందుకే నూరు సార్లు ఆపితే నూరు సార్లూ వేశాను. ఈ కరపత్రంలో నేను అడిగేది ఆ అలవాటునే. తేలిక తాళం ఒకటి కొనండి, ఆపిన ప్రతిసారీ వేయండి.

పాల ప్యాకెట్టుకి ఆగినప్పుడు, జిరాక్సు షాపులో ఒక కాగితం తీయించుకునేటప్పుడు, టిఫిన్ హోటల్ ముందు పార్శిల్ కట్టించుకునేటప్పుడు పోతోంది సైకిలు. అక్కడ కాచుకునేవాడి చేతిలో రంపం ఉండదు, కట్టర్ ఉండదు. ఎక్కి తొక్కుకుంటూ పోవడమే వాడి విద్య. వాణ్ణి ఆపడానికి అర కిలో తాళం చాలు. రాత్రంతా బయట పెట్టే సైకిలుకి బరువైన తాళం కావాలి, కాదనను. దాన్ని ఇంటి దగ్గర స్తంభానికే వదిలేయండి. ఊరంతా మోసుకు తిరిగి, వేయాల్సిన చోట వేయకపోతే అది ఇనప ముద్దే.

సీసీ కెమెరా ఉందంటారు. ముఖానికి రుమాలు కట్టుకున్నవాడి వీపు కనిపిస్తుంది అందులో. చూస్తూ ఉండమని హోటలాయనకి చెప్పామంటారు. పెనం మీద అట్టు వదిలి ఆయన మీ సైకిలు వెనక పరిగెత్తాలా?

ఇక కొట్లలో అమ్ముతున్న ప్లాస్టిక్ తొడుగు తీగ తాళాల సంగతి. ఆ కుర్రాడికి కొత్త తాళం చూద్దామని నాలుగు షాపులు తిరిగాను. ప్రతి చోటా మొదట చేతిలో పెట్టింది అదే. చూడ్డానికి బొటనవేలంత లావు. ఒకటి కొని ఇంటికి తెచ్చి, చాకుతో తొడుగు చీల్చాను. పైనున్నదంతా ప్లాస్టిక్కే. లోపల సన్నని తీగలు పేనిన పోగు, పెన్సిలు కంటే సన్నం. మా ఇంట్లో ఫ్యూజు వైరు కోసం ఉంచిన కటింగ్ ప్లయర్‌తో నొక్కాను. ఒకేసారి తెగలేదు. నాలుగు పోగులు, నాలుగు పోగులుగా తెగింది. నాకు 67 ఏళ్లు, చేతికి వాతం. ముప్పై లెక్కపెట్టేలోపు రెండు ముక్కలు నా ఒళ్లో ఉన్నాయి.

దీన్నా పిల్లల చేతికిస్తున్నారు? తల్లి కూలి డబ్బుతో కొన్న సైకిలుకి దీన్నా కాపలా పెడుతున్నారు? షాపు యజమానులారా, మీకు తెలియదని అనుకోను. తొడుగు కొలిచి లావు చెప్పకండి, లోపలి తీగ కొలిచి చెప్పండి. గేర్ల సైకిళ్లు, లావు టైర్ల సైకిళ్లు చాలావాటికి పాత చక్రం తాళం కూడా బిగించి ఇవ్వడం లేదు. వేల రూపాయల బండి అమ్మి, తాళం లేకుండా గడప దాటిస్తున్నారు. ఇది అన్యాయం.

పోతే పోలీసులున్నారు అనుకునేవాళ్లు ఇది చదవండి. ఆ కుర్రాణ్ణి తీసుకుని స్టేషనుకి వెళ్లాను. సెకండ్ హ్యాండ్ సైకిలు, 3,500కి కొన్నది. అక్కడున్నాయన మర్యాదగానే చెప్పారు, కేసు కట్టడానికి లేదని. నిజమే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దొంగతనం గురించి. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే అది నాన్ కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 379వ సెక్షన్‌లో ఈ గీత లేదు. తెల్లదొర రాసిన చట్టంలో పేదవాడి సైకిలూ సొత్తే, జమీందారు గుర్రమూ సొత్తే. మన చేతులతో మనం రాసుకున్నదానిలో 5,000 దగ్గర గీత గీశారు. ఈ ఊళ్లో పేపరు వేసేవాడి సైకిలు, పాలు పోసేవాడి సైకిలు, తాపీ పనికి క్యారేజీ తగిలించుకుని పోయేవాడి సైకిలు అన్నీ ఆ గీతకి కిందివే. ఐదు వేల లోపు వస్తువే కావచ్చు, వాడికి అదే నెల జీతం తెచ్చేది. బతుకుతెరువు సైకిలుకి ఆ గీత తీసేయాలని మన ఎంపీకి, ఎమ్మెల్యేకి ఉత్తరాలు రాయండి. నేను రాశాను. అది మారేదాకా మన చేతిలో ఉన్నది తాళమే.

ఎలాంటిది కొనాలి? మూర కంటే కొంచెం పొడుగు గొలుసు, గుడ్డ తొడుగుతో, లింకులు ఆరు మిల్లీమీటర్ల గట్టి ఉక్కువి. తాళంతో కలిపి ఏడు వందల గ్రాములకి మించదు, సీటు కింద చుట్టుకుంటే బరువు తెలియదు. లేదా ఫ్రేముకి బిగించుకునే చిన్న యూ తాళం. గుండ్రటి గొట్టంలాంటి చెవి ఉన్నది మాత్రం వద్దు. 2004లో అమెరికాలో పేరుమోసిన క్రిప్టోనైట్ కంపెనీ తాళాల్లోనే ఆ రకానివి బాల్ పెన్ను గొట్టంతో తెరుచుకుంటే, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వాల్సొచ్చింది. చౌక నంబరు తాళాలూ వద్దు. కొనేముందు షాపు ముందే మీ సైకిలుకి వేసి చూడండి. పది లెక్కపెట్టేలోపు పడకపోతే అది మీకు పనికిరాదు, రేపు మీరు వేయరు.

వేసే పద్ధతి అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే సైకిలు మెకానిక్ చెప్పింది. సీటు కింది నుంచి, పెడల్ దగ్గర నుంచి వచ్చే కడ్డీలు వెనక త్రికోణంగా కలుస్తాయి. ఆ త్రికోణం లోపల చక్రం రిమ్మునీ, బయట ఒక స్తంభాన్నీ కలిపి తాళం వేస్తే చాలు. ఫ్రేముకి విడిగా చుట్టక్కర్లేదు. రిమ్ము ఆ కడ్డీల మధ్య నుంచి బయటికి రాదు కాబట్టి ఫ్రేమూ కదలదు. చిన్న తాళం సరిపోయేది అందుకే. స్తంభంతో కలపకుండా చక్రానికి మాత్రమే వేస్తే ఇద్దరు మనుషులు ఎత్తి ట్రక్ ఆటోలో పడేసుకుపోతారు.

కానీ స్తంభం ఏది? ఒకప్పుడు ప్రతి సినిమా హాలుకీ సైకిలు స్టాండుండేది, చీటీ ఇచ్చి కాపలా కాసేవాళ్లు. సైకిలుకి ఏటా పన్ను కట్టి బిళ్ల తగిలించుకున్న రోజులవి. ఆ చోటంతా ఇప్పుడు మోటారు సైకిళ్లది. కొట్ల యజమానులారా, గడప పక్కన అడుగు జాగా, నడుము ఎత్తు ఇనప గొట్టం ఒకటి, రెండు తట్టల కాంక్రీటు, అంతే నేను అడిగేది. గొట్టం పైకొసని వంచి నేలలో దించండి, లేకపోతే తాళం పైనుంచి జారి వస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి భానుగుడి సెంటర్‌లో మొదటి గొట్టం పాతుతున్నాం. అక్కడి టీ కొట్టాయన ఒప్పుకున్నారు. సైకిలూ, మీ దగ్గరున్న తాళమూ తెచ్చుకోండి, వేయడం చూపిస్తాను. పెడల్ ఇరుసు కింద ఫ్రేము మీద నంబరు కొట్టి ఉంటుంది. మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. కాగితాలూ పెన్సిళ్లూ నేను తెస్తాను. మా పేపరు కుర్రాడు దగ్గరుండి రాసిపెడతానన్నాడు. వాడి సైకిలు నంబరు ఎక్కడా రాసి లేదు.