మనం అంటే ఎవరెవరం?

కొన్ని నెలల క్రితం స్త్రీల కథల మీద రోజంతా జరిగిన ఒక సాహిత్య సభకు వెళ్ళాను. మధ్యాహ్నం ఒక పెద్దావిడ మాట్లాడారు. డిగ్రీ రోజుల నుంచీ నేను ఇష్టంగా చదువుకున్న రచయిత్రి. ప్రసంగం చివర్లో ఆవేదనగా అన్నారు: "దళిత స్త్రీ, బీసీ స్త్రీ, ముస్లిం స్త్రీ, ఆదివాసీ స్త్రీ అంటూ ఎన్ని ముక్కలయ్యామో చూడండి. మనమంతా ఆడవాళ్ళమే కదా! ఒకరి బాధ ఒకరికి అర్థమయ్యే సహానుభూతి ఉంటే ఈ గోడలెందుకు?" హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

తర్వాత టీ విరామం. పొద్దున కవిత చదివిన ఒక అమ్మాయి చుట్టూ ముగ్గురు నలుగురు చేరారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. "బాగా రాశావమ్మా. ఏ ఊరు మీది? ఇంటిపేరేమిటి? ఊళ్ళో మీ ఇల్లెటువైపు?" వరసగా వచ్చే ఈ మూడు ప్రశ్నల అర్థం తెలుగునాట పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. మూడో ప్రశ్నకు ఆ పిల్ల "చివర్లోనండీ" అని చిన్నగా నవ్వి, టీ కప్పు పట్టుకుని పక్కకు వెళ్ళిపోయింది. అడిగినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పది నిమిషాల ముందు నాతోపాటు చప్పట్లు కొట్టినవాళ్ళే.

అప్పటి నుంచీ ఆ 'మనమంతా' అనే మాట నన్ను వదలడం లేదు.

ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మన భాషలో రెండున్నాయి. వినే మనిషిని కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. మాటలు నేర్చుకుంటున్న పిల్లలు కూడా త్వరలోనే ఈ తేడా పట్టుకుంటారు. ఇంత చదువుకున్న మేమే పొరపడుతున్నాం. మేము అంటే నాలాంటి అగ్రవర్ణ స్త్రీలం. దళిత స్త్రీలు 'మేము' అన్నప్పుడు విడిపోతున్నారని నొచ్చుకున్నాం. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా 'మనం' అంటూ వచ్చినప్పుడు అందులో వాళ్ళున్నారో లేదో అడగలేదు.

నా సంగతే చెబుతాను. నా పిహెచ్‌డి స్త్రీల నవలల మీద. వంటిల్లు ఆడదానికి చెర ఎలా అయిందో నలభై పేజీలు రాశాను. ఆ వంటింటి వెనక గుమ్మం దగ్గర అంట్లు తోమే మనిషి గురించి ఒక్క పేరా లేదు. అలాంటి మనిషిని నేనెరగక కాదు. మా ఇంట్లో పెరటి కిటికీ మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అది ఎవరిదో, అలమరలోకి ఎందుకు రాదో నాకు చిన్నప్పుడే తెలుసు. మా గ్లాసులన్నీ తోమేది ఆ చేతులే. ఆ చేతులు పట్టుకున్న గ్లాసు మాత్రం మా గ్లాసుల పక్కకు రాకూడదు. అమ్మ ఆమెకు జ్వరం వస్తే మాత్ర ఇచ్చేది, పండక్కి చీరలిచ్చేది, ఆమె మొగుడు కొట్టాడని తెలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. జాలికి లోటు లేదు. గ్లాసు మాత్రం కిటికీ దిగలేదు.

1993లో వచ్చిన 'నీలి మేఘాలు' ఎం.ఏ.లోనే నా చేతికి వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' పరిశోధన రెండో ఏడు దాటాక ఒక స్నేహితురాలు ఇస్తే చదివాను. వంటింట్లోంచి బయటపడలేని ఆడదానికీ, వంటింట్లోకి అడుగు పెట్టనివ్వని ఆడదానికీ వంటిల్లు ఒకటి కాదని అప్పుడు తట్టింది. అప్పటికి నా అధ్యాయం రాయడం అయిపోయింది. దాన్ని మార్చలేదు. అలసట అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది అలసట కాదు, అవసరం లేకపోవడం. ఎవరూ అడగరని నాకు తెలుసు. ఎవరూ అడగలేదు కూడా.

నా పాత నోట్సు తీసి చూస్తే ఇంకో విషయం కనిపించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఊరూరా పాకిన సారా వ్యతిరేక పోరాటం 'స్త్రీల ఉద్యమాలు' అనే శీర్షిక కింద ఉంది. మరి 1985 జులైలో కారంచేడు? తాగే చెరువు నీళ్ళు పాడుచేస్తుంటే అడ్డుచెప్పి, మీదికి వచ్చినవాళ్ళపై బిందె ఎత్తిన ఒక దళిత స్త్రీతో మొదలై ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్ళిన ఘటన అది. నా నోట్సులో 'దళిత ఉద్యమం' కింద ఉంది. నీళ్ళూ బిందే ఆడవాళ్ళవి కావా? ఆత్మగౌరవం కోసం ఒక స్త్రీ బిందె ఎత్తడం స్త్రీల చరిత్ర కాకుండా ఎలా పోయింది? సారా మీద తిరగబడినవాళ్ళలో ఎక్కువమంది పేద, దళిత స్త్రీలే. గెలిచిన పోరాటంలో వాళ్ళు 'మన' ఆడవాళ్ళయ్యారు. నెత్తురోడినప్పుడు 'వాళ్ళ' ఆడవాళ్ళుగా మిగిలారు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళకు 2019 నవంబరు గుర్తుచేస్తాను. ఆ నెల 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్న చిన్న వస్తువులు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. మూడు రోజుల తర్వాత, 27 రాత్రి, హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. ఈమెకు పెట్టిన మారుపేరు దిశ. ఆమెకు పెట్టిన పేరు సమత. దేశం కదిలింది ఒకరి కోసమే. ఇంకొకరి పట్ల ఈ మౌనం ఏమిటని దళిత సంఘాలు రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది.

నేనూ కొవ్వొత్తి పట్టుకున్నాను. నా చేతిలో అట్ట మీద 'ఆమె మన అమ్మాయి' అని రాసి ఉంది. ఆ దుఃఖం అబద్ధం కాదు. ఉద్యోగం చేసుకుని స్కూటీ మీద ఇంటికొచ్చే అమ్మాయిలో నన్ను నేను చూసుకున్నాను. వస్తువుల మూట నెత్తిన పెట్టుకుని నడిచే స్త్రీలో చూసుకోలేదు. సమత సంగతి నాకు తెలిసేసరికి వారం దాటింది. అంటే నాకు కన్నీళ్ళు లేక కాదు, నా పోలికలు లేని చోట అవి రాలేదు. ఇలా హద్దులు గీసుకున్న సహానుభూతి పగగా మారడానికి తొమ్మిది రోజులు చాలాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే పోలీసుల మీద పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. ఆ నివేదిక బయటికి వచ్చింది 2022లో. అప్పటికి పూలు వాడి చాలా కాలమైంది. ఆ పూలు న్యాయం కాదని ఆనాడే ఎదురు నిలిచి చెప్పిన స్త్రీలు ఉన్నారు. తిట్లు తిన్నారు. వాళ్ళు కొద్దిమంది. నేను వాళ్ళలో లేను, ఇంట్లో టీవీ ముందు ఊరుకున్నాను.

కాబట్టి ఆ పెద్దావిడతో నా తగాదా సహానుభూతి అక్కర్లేదని కాదు. దాన్ని ఎవరిని అడుగుతున్నామన్నది నా ప్రశ్న. గోడ ఉందని చూపించినవాళ్ళనే గోడ కట్టినవాళ్ళంటున్నాం. 'మా బాధ కూడా అర్థం చేసుకోండి, అంత కటువుగా మాట్లాడకండి' అని పదే పదే బతిమాలించుకునేది ఎవరు? కటువుగా మాట్లాడే హక్కు కూడా లేని సోదరీత్వం ఎవరికి కావాలి?

నాకూ విసుగుంది. సభల్లో ఒకరినొకరు దెప్పుకోవడం, ఒక్క మాట జారితే జీవితకాలం గుర్తుపెట్టుకోవడం చూసి ఇల్లు చేరి ఏడ్చిన రోజులున్నాయి. ఒకసారి ఈ విసుగే నా స్నేహితురాలి దగ్గర వెళ్ళగక్కాను. తను దళిత అధ్యాపకురాలు. అప్పట్లో అద్దె ఇల్లు వెతుకుతోంది. నేను తోడు వెళ్ళాను. మూడు చోట్ల ఇల్లు చూపించింది ఆడవాళ్ళే. మూడు చోట్లా నాతోనే మాట్లాడారు. ఇల్లు తనకని తెలిశాక "మాంసం వండుతారా?" అన్నారు. ఆ తర్వాత "మావారిని అడిగి చెబుతాం" అన్నారు. ఏ ఫోనూ రాలేదు. నా విసుగంతా విని తను ఒకటే అంది: "నీకు విసుగొస్తే సభకు రావడం మానేస్తావు. నేనెక్కడికి రావడం మానెయ్యాలి?" నా దగ్గర జవాబు లేదు.

1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ సౌభ్రాతృత్వాన్ని స్వేచ్ఛ, సమానత్వాల సరసన నిలబెట్టారు. సాటి మనిషి పట్ల గౌరవంగా దాన్ని చూశారు. జాలికీ గౌరవానికీ ఉన్న దూరమే మా ఇంటి కిటికీకీ అలమరకీ ఉన్న దూరం. ఎదుటివాళ్ళ బాధ నాకు పూర్తిగా అర్థం కావాలన్న షరతు కూడా అక్కర్లేదు. అర్థం కాకపోయినా పక్కకు జరిగి చోటివ్వొచ్చు.

ఆ చోటు ఎక్కడో మనకు తెలుసు. పాఠం ఎంపిక చేసే బల్ల దగ్గర. ఇంటికి వేలాడదీసే 'టు లెట్' బోర్డు దగ్గర. సభలో మాట్లాడేవాళ్ళ వరుస రాసే కాగితం మీద. అందరూ వెళ్ళాక విస్తళ్ళు ఎత్తే మనిషి పేరు తెలుసుకోవడంలో. కొత్తగా వచ్చిన అమ్మాయిని ఇంటిపేరు కాకుండా కవిత గురించి అడగడంలో.

నా అధ్యాయం పుస్తకంగా వేయమని ఈ మధ్య ఒకరు అడిగారు. ముందు తిరగరాయాలన్నాను. వెనక గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు సభలో చప్పట్లు కొట్టినందుకు ఈలోగా ఈ వ్యాసమే నా సంజాయిషీ.